కొత్త హార్డ్ డిస్క్, 3వ పాఠం: నల్లపట్టీ దగ్గర ఆగిపోయినోళ్ల కోసం

పోయిన పాఠం చూసి డిస్క్ పెట్టుకున్నోళ్లు చానామంది ఒక్కచోటే ఆగిపోయినారు. 4 టీబీ డిస్క్ కొంటే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో (డిస్కులనీ వాటి భాగాలనీ పట్టీలుగా చూపించేది) 2048 జీబీ వరకే వాడుకోనిస్తోంది, మిగతా 1678 జీబీ నల్లపట్టీ కింద అట్లే ఉంది, రైట్ క్లిక్ చేస్తే న్యూ సింపుల్ వాల్యూమ్ నొక్కడానికి రావట్లేదు అని. తప్పు నాదే, ఇనీషియలైజ్ చేసి ఓకే కొట్టండి అని ఒక్క ముక్కలో తేల్చేసినా, అక్కడ ఎంబీఆరా జీపీటీనా అని అడుగుతాదని చెప్పలా. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో లెక్క రాసుకునే రెండు పద్ధతులు అవి.

డిస్క్ పాడవలేదు, షాపోడితో గొడవ పడొద్దండి. మన కర్నూలు మార్కెట్ యార్డులో తూకం చీటీలో నాలుగు అంకెలకే గళ్లున్నాయనుకోండి, 9999 కిలోలు దాటితే ఉల్లిగడ్డలు లారీలో ఉన్నా చీటీలో రాయలేం. ఎంబీఆర్‌ కూడా అంతే, సెక్టార్ (డిస్క్‌లో ఒక చిన్న గది) నంబరుకి 32 బిట్లే, సెక్టారుకి 512 బైట్లు, 2 టీబీ దగ్గర లెక్క ఆగిపోతాది. జీపీటీలో 64 బిట్లు. నేనైతే 500 జీబీ డిస్క్‌కి కూడా జీపీటీనే పెడతా.

మార్చేది ఎట్లంటే, ముందు అందులోని ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి, తర్వాత నీలంపట్టీ మీద రైట్ క్లిక్, డిలీట్ వాల్యూమ్. ఇప్పుడు కన్వర్ట్ టు జీపీటీ. ఇది కనపడలేదని అడిగినోళ్లంతా పట్టీ మీదే నొక్కుతున్నారు! పట్టీ మీద కాదు, ఎడమచేతి పక్క డిస్క్ 1, బేసిక్ అని రాసున్న బూడిదరంగు గడి ఉంటాది చూడండి, దాని మీద రైట్ క్లిక్ చేయాల. పట్టీ అంటే పార్టిషన్, గడి అంటే మొత్తం డిస్క్. ఒక్క చిన్న పార్టిషన్ మిగిలినా ఆ ఆప్షన్ పని చేయదు, అన్నీ తీసేయాల.

డిలీట్ కొట్టే ముందు మిగతా యూఎస్‌బీ డిస్కులన్నీ పీకి పక్కన పెట్టండి. ఒకే సైజువి రెండు తగిలించుకుని నేను మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలున్న దాన్ని కొట్టేసినా, ఇప్పటికీ బాధే.

జీపీటీకి మారినాక నల్లపట్టీ మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ నొక్కితే ఫార్మాట్ ఏదని అడుగుతాది. విండోస్ ఒక్కటే అయితే ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్‌లో కూడా రాయాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32 జోలికి పోవద్దు, ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాల, పెళ్లి వీడియో పట్టదు. కొత్త డిస్క్‌కి మొదటిసారి మాత్రం క్విక్ ఫార్మాట్ టిక్ తీసేస్తా, డిస్కంతా సున్నాలు రాసుకుంటా పోతాది కాబట్టి చెడిన సెక్టార్లుంటే అప్పుడే బయటపడతాయి. 4 టీబీకి ఆరేడు గంటలు, పాత యూఎస్‌బీ 2 పోర్టులో అయితే రోజు దాటతాది. రాత్రి పెట్టి పడుకోండి, ఎండాకాలం కరెంటు పోతాంటాది కాబట్టి యూపీఎస్ ఉంటే మేలు.

3726 జీబీనే చూపిస్తోందని ఇద్దరు అడిగినారు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తాది, విండోస్ 1024తో, అంతే.

అభ్యాసం: డేటా ఎక్కించకముందే 512000 ఎంబీతో ఒకటి, మిగతాదంతా ఇంకోటి చేయండి, ఈసారికి క్విక్ ఫార్మాట్ చాలు, రెండూ తీసేయండి, మళ్లీ చేయండి, మూడుసార్లు. ప్రతిసారీ ఇది ఎన్నో నంబరు డిస్కో కాగితం మీద రాసుకున్నాకే డిలీట్ నొక్కాల. ఆఖరిసారి మొత్తం ఒకే పార్టిషన్ చేసి 5 జీబీ దాటిన వీడియో ఒకటి కాపీ చేసి, డిస్క్ పీకి మళ్లీ తగిలించి, వీడియో చివరిదాకా ఆడుతోందా చూడండి.