పుస్తకం మూయించి చెప్పించండి

పాఠాన్ని గడగడా చదివే పిల్లవాడికి అది అర్థమైపోయిందని మనం తొందరపడి అనుకుంటాం. కోనసీమలోని మా ఇంట్లో సాయంత్రం పూట నేను పాటించే పద్ధతి ఏమిటంటే, ఒక పేరా చదివించి, పుస్తకం మూయించి, విషయాన్ని సొంత మాటల్లో చెప్పమంటాను. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని మా అబ్బాయి తడుముకోకుండా అప్పజెప్పాడు గాని, ఆనకట్ట కడితే కాలువల్లోకి నీరు ఎలా వచ్చిందని అడిగితే నీళ్లు నమిలాడు. మళ్లీ పుస్తకం తెరిచి, నదికి అడ్డుకట్ట పడితే నీటిమట్టం పెరుగుతుందని, ఆ ఎత్తు నుంచి నీరు కాలువల వెంట పల్లానికి తనంతట తానే పారుతుందని వాడే వెతికి పట్టుకుని, కాగితం మీద నదిని, కట్టను, కాలువలను గీసి చూపించాడు. బొమ్మ ఎక్కడ ఆగిపోతే అక్కడ అర్థం కానిది ఉన్నట్టు లెక్క. తేదీల ప్రశ్నలు తగ్గించి, ఎందుకు, ఎలా అనేవే ఎక్కువ అడగాలి. తెలియని మాట ఎదురైతే వెంటనే నిఘంటువు తీయనివ్వకుండా, వాక్యం చివరిదాకా చదివి అర్థాన్ని ఊహించమనండి. మాట కింద పెన్సిలుతో గీత పెట్టిస్తే, ఊహ సరిపోయిందో లేదో పేరా అయ్యాక చూసుకోవచ్చు. మర్నాడు పుస్తకం తెరవకుండానే అదే పేరా గురించి మరొకసారి అడగండి. రోజుకు రెండు పేరాలు చాలు.