మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్‌ను ఎంచుకునే ముందు
కన్సల్టెంట్ కోసం వెతకడం మొదలుపెట్టే ముందు, పరిష్కరించాల్సిన సమస్యను రెండు మూడు వాక్యాల్లో కాగితం మీద పెట్టండి. ‘అమ్మకాలు పెరగాలి’ అని రాస్తే ఎవరూ సరైన ప్రతిపాదన ఇవ్వలేరు. ‘ఆర్డరు అందాక సరుకు చేరడానికి 12 రోజులు పడుతోంది, దాన్ని 7కు తగ్గించాలి’ అని రాస్తే వచ్చిన ప్రతిపాదనలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

మొదటి సమావేశానికి వచ్చిన కన్సల్టింగ్ సంస్థ సీనియర్ భాగస్వామి మాటతీరుకు మురిసిపోకండి. చాలా సంస్థల్లో పని తెచ్చేవారు ఒకరు, చేసేవారు మరొకరు కాబట్టి, మీ కార్యాలయంలో రోజూ కూర్చుని పనిచేసేది ఎవరో, మీ రంగంలో వారి అనుభవం ఎంతో కనుక్కుని, ఆ పేర్లను ఒప్పందంలోనే రాయించుకోండి. వారి పాత ఖాతాదారులను ‘పని బాగా చేశారా’ అని అడిగితే మొహమాటపు జవాబే వస్తుంది. కన్సల్టెంట్లు వెళ్లిపోయిన ఏడాదికి ఏ మార్పులు నిలిచాయో అడగండి. సీఎంసీ (సర్టిఫైడ్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్) ధ్రువపత్రం ఉంటే మంచిదే గానీ, అది ఈ విచారణకు ప్రత్యామ్నాయం కాదు. మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీ సేవలపై 2017లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20700 మార్గదర్శకాలు ఒప్పందం రాసుకునేటప్పుడు అక్కరకొస్తాయి.

రుసుమును రోజుల లెక్కన ఇస్తే పనిని సాగదీసే ప్రమాదం ఉంది. ఆదా చేసిన సొమ్ములో వాటా ఇస్తే దృష్టంతా ఖర్చుల కోతపైకే పోతుంది. స్పష్టమైన పనికి దశలవారీ స్థిర రుసుమే నయమని నా అభిప్రాయం. వారు సిఫారసు చేసే సాఫ్ట్‌వేర్ మీద వారికి కమీషన్ ముడుతుందేమో సంతకానికి ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోండి.