ఒషోగ్బో పండుగకు పోయేవాళ్లకు

మా మిర్యాలగూడ నుంచి నైజీరియాలోని లాగోస్‌కు ఉద్యోగాలకు పోయే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఆగస్టులో అక్కడుంటే ఒషోగ్బో అనే ఊళ్లో జరిగే ఒషున్ నది అమ్మవారి పండుగ చూసి రండి.

యెల్లో ఫీవర్ టీకా మాత్రం ఇక్కడే వేసుకుని పోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, పాస్‌పోర్టుతోనే పెట్టుకోండి. మలేరియా మాత్రల సంగతి డాక్టర్‌ను అడగండి.

పండుగ దాదాపు రెండు వారాలు ఉంటుంది. అన్ని రోజులూ ఉండనక్కర్లేదు, ఆఖరి రోజు ఊరేగింపు చూస్తే చాలు. అరుగ్బా అనే పెళ్లికాని అమ్మాయి నైవేద్యాలున్న సొరకాయ బుర్ర నెత్తిన పెట్టుకుని, పైన రంగురంగుల ముసుగుతో నది ఒడ్డు తోపు దాకా నడుస్తుంది. కాలు తడబడితే ఊరికి అరిష్టమని వాళ్ల నమ్మకం. ఆమె పోతుంటే జనం చేతులు తల చుట్టూ తిప్పి తమ కష్టాలను ఆమె వైపు విదిలిస్తారు. మన ఇళ్లల్లో దిష్టి తీయడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఫోన్ పట్టుకుని ఆమెకు అడ్డం మాత్రం పోవద్దు. కుర్రాళ్లు బెత్తాలతో ఒకరినొకరు కొట్టుకుంటుంటారు. అది కొట్లాట కాదు, ఆచారమే. అయినా కాస్త దూరంగా నిలబడితే మంచిది.

ఆ తోపును 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ చెట్టు కొట్టకూడదు, చేప పట్టకూడదు. లోపలి పెద్దపెద్ద విగ్రహాల్లో చాలావాటి వెనక ఆస్ట్రియా నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన కళాకారిణి సుజానే వెంగర్ చేయి ఉంది. తీరిగ్గా చూడాలంటే జనం లేని ఇంకో రోజు పోవాలి.

పిల్లలు కలగాలనీ, రోగాలు తగ్గాలనీ నది నీళ్లు తాగుతారు, సీసాల్లో పట్టుకుపోతారు. మీరు తాగొద్దు. ఎగువన బంగారం తవ్వకాలతో నీళ్లు పాడయ్యాయి, అక్కడి ప్రభుత్వమే తాగొద్దని హెచ్చరించింది. ఎవరైనా ప్రేమగా ఇస్తే కళ్లకద్దుకుని పక్కన పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఏది ఇచ్చినా, పుచ్చుకున్నా కుడిచేత్తోనే. పెద్దవాళ్లు కనిపిస్తే కొంచెం వంగి ‘ఎ కు ఒడున్’ (పండుగ శుభాకాంక్షలు) అనండి, ముఖాలు వెలిగిపోతాయి. భక్తుల్లో చాలామంది తెల్లబట్టలే కడతారు, మీరూ అవే వేసుకోండి.

లాగోస్ నుంచి 200 కిలోమీటర్ల పైనే. పొద్దున బయల్దేరి చూసొద్దామంటే కుదరదు. ముందురోజే చేరుకోండి, గది ముందే మాట్లాడుకోండి. రాత్రిపూట తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు.