కువైట్‌కు కొత్తగా వచ్చినవారికి: ముందు డబ్బు, తర్వాతే సంతకం

మొన్న ఉదయగిరి మెట్ట నుంచి వచ్చిన ఒక కుర్రాడు నా గదిలో కూర్చుని ఏడ్చాడు. మూడు నెలలుగా జీతం లేదు. షూన్‌కు, అంటే ఇక్కడి కార్మిక శాఖకు, వెళ్దామంటే తల దించుకున్నాడు. జీతం ముట్టినట్టు మూడు కాగితాల మీద సంతకాలు పెట్టేశాడట. డబ్బు రేపు ఇస్తామన్నారట!

కోపం ఆపుకోలేకపోయాను. కావలి నుంచి వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే సంతకాలు పెట్టాను. అరబ్బీలో ఏం రాశారో అడగడానికి నామోషీ పడ్డాను. నాలుగు నెలల కష్టం పోయింది, ఊళ్లో అప్పు మీద వడ్డీ మాత్రం ఆగలేదు.

అకామా (నివాస అనుమతి), బతాకా (గుర్తింపు కార్డు) సంగతులు గదిలో ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది కాగితం గురించే. మనం షూన్ అని పిలిచే కార్మిక శాఖ పనిని ఇప్పుడు మ్యాన్‌పవర్ అథారిటీ చూస్తోంది. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే 18 వీసా వారికి 2010 నాటి 6వ చట్టం వర్తిస్తుంది. ఒప్పందం మూడు ప్రతులు ఉండాలి: యజమానికి ఒకటి, శాఖకు ఒకటి, మీకు ఒకటి. మీది అడిగి తీసుకోండి. అనువాదంతో తేడా వస్తే అరబ్బీ ప్రతే చెల్లుతుంది కాబట్టి తెలిసినవారితో చదివించుకోండి. జీతం బ్యాంకులో పడితే బ్యాంకే సాక్షి. చేతికి ఇచ్చామంటే మీ సంతకమే సాక్షి, అదీ వాళ్ల పక్షాన! ఎన్నిసార్లు చెప్పాలి?

అధికారి మీ కన్నీళ్లు చూసి తేల్చడు. ఇరువురినీ పిలిచి కాగితాలు అడుగుతాడు. రాజీ కుదరకపోతే నెలలోపు కేసు కోర్టుకు పంపాలి. కార్మికుడికి కోర్టు ఫీజు లేదు. కానీ ఒప్పందం ముగిసి ఏడాది దాటితే కోర్టు వినదు. నెల్లూరు వెళ్లాక చూసుకుందాం అనుకుని విమానం ఎక్కకండి.

ఇళ్లలో పనిచేసే 20 వీసా వారికి 2015 నాటి 68వ చట్టం వేరే ఉంది. పాస్‌పోర్టు మీ ఇష్టం లేకుండా యజమాని దగ్గర ఉంచుకోకూడదని అందులోనే ఉంది.

సరే, భయపడకండి. రాతపూర్వక ఒప్పందం లేకపోయినా, పనిచేసినట్టు ఏ రుజువునైనా చూపుకునే హక్కు 18 వీసా కార్మికుడికి చట్టమే ఇచ్చింది. మా కుర్రాడి ఫోను వెతికాను. జీతం వచ్చే వారం ఇస్తామని సూపర్‌వైజర్ పంపిన సందేశాలున్నాయి, ఆ సంతకాల తర్వాతి తేదీలతో. ఆదివారం పొద్దున్నే ఇద్దరం షూన్‌కు వెళ్తున్నాం.