ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్క్రీన్ లాక్ తీయబోతే రావట్లేదా? ముందు ఇవి చూడండి

మా అమ్మకి వంటింట్లో తడి చేత్తో పిన్ కొట్టడం పెద్ద ఇబ్బంది. "ఒరేయ్, ఈ తాళం తీసెయ్ రా" అంటే సరేనని సెట్టింగ్స్‌లో స్క్రీన్ లాక్ తెరిచాను, పిన్ అడిగితే కొట్టాను, తీరా చూస్తే 'నన్' (అసలు లాకే వద్దు), 'స్వైప్' (వేలితో జరిపితే చాలు) రెండూ బూడిద రంగులో ఉన్నాయి, ఎన్నిసార్లు నొక్కినా ఉలకవు పలకవు. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను, అప్‌డేట్ కూడా చేశాను, ఏం మారలేదు. సాయంత్రానికి గానీ ఆ ఆప్షన్ల కింద ఉన్న సన్నటి అక్షరాలు సరిగ్గా చదవలేదు: అడ్మినిస్ట్రేటర్, ఎన్‌క్రిప్షన్ పాలసీ లేదా క్రెడెన్షియల్ స్టోరేజ్ వల్ల ఇది డిసేబుల్ అయింది అని. జవాబు మొదటి నుంచీ అక్కడే ఉంది.

లాక్ రావట్లేదంటే దాన్ని ఏదో ఒకటి పట్టుకుని ఉన్నట్టు. అదేంటో తెలియకుండా ఏది పడితే అది నొక్కుతూ పోతే ఫోటోలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు మీది ఏ కేసో తేల్చుకోండి: పిన్ తెలిసి కూడా లాక్ తీయలేకపోతున్నారా, పిన్నే మర్చిపోయారా, లేక రీసెట్ కొట్టాక గూగుల్ అకౌంట్ దగ్గర ఇరుక్కుపోయారా?

పిన్ తెలుసు, కానీ లాక్ పోవట్లేదు

సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్‌లో 'డివైస్ అడ్మిన్' అని కొట్టండి, ఎందుకంటే ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఆ పేజీ ఒక్కో చోట ఉంటుంది, వెతుక్కుంటూ కూర్చోవడం అనవసరం. అక్కడ ఫోన్ మీద అదనపు అధికారం ఉన్న యాప్‌లు, అంటే అడ్మిన్లు, కనిపిస్తాయి. అమ్మ వాడేది ఒకప్పుడు అన్నయ్య ఫోన్, వాడి ఆఫీసు మెయిల్ యాప్ అందులో అలాగే ఉండిపోయింది. ఆఫీసు మెయిల్ పెట్టుకునేటప్పుడు "ఈ ఫోన్‌కి లాక్ తప్పనిసరి" అనే షరతుకి మనం ఒప్పుకుంటాం, తర్వాత ఆ సంగతే గుర్తుండదు. ముందు ఆ మెయిల్ అకౌంట్ తీసేసి, తర్వాత అడ్మిన్ ఆఫ్ చేస్తే 'స్వైప్' వెంటనే మామూలు రంగులోకి వచ్చింది. మీ ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌ల కోసం విడిగా ఉండే భాగం) ఉన్నా ఇదే కథ, కాకపోతే అది తీసేస్తే అందులోని ఆఫీసు డేటా మొత్తం పోతుంది, చూసుకుని చేయండి. ఫైండ్ హబ్ కూడా ఆ లిస్టులో కనిపించవచ్చు, దాన్ని మాత్రం కదపొద్దు. ఫోన్ పోతే వెతకడానికి పనికొచ్చేది అదే.

అడ్మిన్‌లో ఏమీ లేకపోతే 'క్లియర్ క్రెడెన్షియల్స్' అని వెతకండి. కాలేజీ వైఫై కోసమో, వీపీఎన్ కోసమో ఎప్పుడో వేసుకున్న సర్టిఫికెట్లు (గుర్తింపు ఫైళ్లు) ఉంటే కొన్ని ఫోన్లు లాక్ తీయనివ్వవు. ఇది నొక్కితే ఆ సర్టిఫికెట్లు మాత్రమే పోతాయి, ఫోటోలకీ నంబర్లకీ ఏమీ కాదు. అవసరమైతే ఆ వైఫై మళ్లీ సెట్ చేసుకోవాలి, అంతే.

ఒక్కోసారి ఆ లాక్ ఫోన్‌ది కానే కాదు, ఏదో థీమ్ యాప్‌దో, లాకర్ యాప్‌దో అయి ఉంటుంది. పవర్ మెనూలో 'పవర్ ఆఫ్' మీద కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ వస్తుంది, అందులో మనం వేసుకున్న యాప్‌లు నడవవు. అక్కడ ఆ లాక్ కనిపించకపోతే దొంగ ఎవరో తెలిసినట్టే, ఆ యాప్‌ని తీసేయండి.

ఈఎంఐలో కొన్న ఫోన్ అయితే వేరే సంగతి. ఫైనాన్స్ వాళ్ల లాక్ యాప్‌కి ఫోన్ మీద మనకన్నా ఎక్కువ అధికారం ఉంటుంది, దాన్ని సెట్టింగ్స్ నుంచి తీయలేం. వాయిదాలన్నీ కట్టేశాక కూడా లాక్ ఉంటే, నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదనే కాగితం) దగ్గర పెట్టుకుని వాళ్ల కస్టమర్ కేర్‌కే చెప్పాలి. వాళ్లు తీసేది నెట్ ద్వారానే కాబట్టి అప్పుడు ఫోన్‌లో డేటా ఆన్‌లో ఉంచండి.

పిన్నే మర్చిపోయారు

టెన్షన్‌లో వరసగా కొట్టకండి. తప్పులు పెరిగే కొద్దీ ఆగాల్సిన టైమూ పెరుగుతుంది, పైగా కొన్ని ఫోన్లలో ఇన్ని తప్పులైతే మొత్తం చెరిపేయమనే సెట్టింగ్ కూడా ఉంటుంది. వేలిముద్ర పెడదామంటే, రీస్టార్ట్ అయిన ఫోన్ మొదటిసారి పిన్నే అడుగుతుంది, కాబట్టి వేలిముద్ర ఇంకా పనిచేస్తున్న ఫోన్‌ని దయచేసి స్విచాఫ్ చేయకండి. అక్షరాల పాస్‌వర్డ్ అయితే కీబోర్డు తెలుగులోకి మారిందేమో, మొదటి అక్షరం పెద్దదిగా పడుతోందేమో చూడండి. స్క్రీన్ గార్డ్ ఉబ్బి పక్క అంకె పడుతోందేమో కూడా చూడండి.

సామ్‌సంగ్ వాళ్లకి ఇంకో దారి ఉంది. సామ్‌సంగ్ అకౌంట్ లాగిన్ అయి ఉండి, రిమోట్ అన్‌లాక్ ముందే ఆన్ చేసి ఉంటే, వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో స్మార్ట్‌థింగ్స్ ఫైండ్‌లోకి వెళ్లి లాక్ తీయవచ్చు.

అది కూడా లేకపోతే మిగిలింది ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే, అంటే ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిపేసి కొత్తదానిలా చేయడం. మీకు కష్టంగా ఉన్నా నిజం చెప్పాలి: ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి (రహస్య కోడ్‌లోకి మారి), మీ పిన్‌తోనే ముడిపడి ఉంటుంది. "డేటా పోకుండా లాక్ తీస్తాం" అని అమ్మే సాఫ్ట్‌వేర్లని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. దానికి బదులు వేరే ఫోన్‌లో మీ అకౌంట్‌తో గూగుల్ ఫోటోస్, కాంటాక్ట్స్ తెరిచి ఏవేవి భద్రంగా ఉన్నాయో చూసుకోండి, మెమరీ కార్డు ఉంటే తీసి పక్కన పెట్టండి.

రీసెట్‌కి ముందు సగానికి పైగా ఛార్జింగ్ ఉండాలి. చాలా ఫోన్లలో స్విచాఫ్ చేసి, పవర్, వాల్యూమ్ అప్ రెండూ కలిపి పట్టుకుంటే రికవరీ అనే మెనూ వస్తుంది. కొత్త సామ్‌సంగ్ ఫోన్లలో ఎంతసేపు పట్టుకున్నా రాకపోతే, ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి మళ్లీ ప్రయత్నించండి, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పిక్సెల్‌లో పవర్‌తో పాటు వాల్యూమ్ డౌన్ పట్టుకోవాలి, తర్వాత మెనూలో రికవరీ ఎంచుకోవాలి. పడుకున్న ఆండ్రాయిడ్ బొమ్మ కింద 'నో కమాండ్' అని వస్తే పాడైందని భయపడకండి, పవర్ బటన్ పట్టుకునే వాల్యూమ్ అప్ ఒక్కసారి నొక్కి వదిలితే మెనూ వస్తుంది. అందులో 'వైప్ డేటా/ఫ్యాక్టరీ రీసెట్' ఎంచుకోండి.

రీసెట్ అయ్యాక పాత గూగుల్ అకౌంట్ అడుగుతోంది

2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఏర్పాటు ఇది, దొంగిలించిన ఫోన్‌ని రీసెట్ చేసి అమ్ముకోకుండా. మన దగ్గర అసలు చిక్కు ఏంటంటే, ఫోన్ కొన్న రోజు షాపులో కుర్రాడే ఒక జీమెయిల్ తెరిచి ఇచ్చేస్తాడు, అది ఏంటో మనకి తెలియదు, పాస్‌వర్డ్ అంతకన్నా తెలియదు. అలాంటప్పుడు వేరే ఫోన్‌లో గూగుల్ సైన్ ఇన్ పేజీకి వెళ్లి 'ఫర్‌గాట్ ఈమెయిల్' నొక్కి మీ మొబైల్ నంబరు, అకౌంట్‌లో ఉన్న పేరు ఇవ్వండి. ఆ నంబరు రికవరీకి ఇచ్చి ఉంటే అకౌంట్ బయటపడుతుంది. షాపు పేరుతో తెరిచి ఉండొచ్చు కాబట్టి పేరు దగ్గర ఒకటికి రెండు రకాలుగా ప్రయత్నించండి.

పాస్‌వర్డ్ అప్పుడే మార్చుకుంటే 24 గంటలు ఆగి అప్పుడు ఫోన్‌లో కొట్టండి. సరైన పాస్‌వర్డే ఇచ్చినా తీసుకోవట్లేదని కంగారుపడేవాళ్లలో చాలామందిది ఇదే. వీడియోల్లో చూపించే దొడ్డిదారుల జోలికి పోకండి, ఆండ్రాయిడ్ 15 నుంచి వాటికి అడ్డుకట్ట ఇంకా గట్టిగా వేశారు, పైగా వాళ్లిచ్చే ఏపీకే ఫైళ్లలో (యాప్ వేసుకునే ఫైళ్లు) ఏముందో మీకు తెలియదు. అకౌంట్ ఎంతకీ దొరక్కపోతే ఒరిజినల్ బిల్లు, ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు) నంబరున్న డబ్బా తీసుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే అమ్మినాయనే వచ్చి తన పాస్‌వర్డ్ కొట్టి, అకౌంట్ తీసి ఇవ్వాలి. ఆయన తప్పించుకు తిరుగుతుంటే ఇంగ్లీషులో KYM అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబరు కొట్టి 14422కి మెసేజ్ పంపండి. అది బ్లాక్ చేసిన ఫోనా కాదా తెలుస్తుంది.

ఇక అమ్మ ఫోన్ సంగతి. 'స్వైప్' పెట్టబోతే వేలిముద్రలన్నీ పోతాయని హెచ్చరిక వచ్చింది, అమ్మ కూరగాయలకి డబ్బు కట్టే యూపీఐ యాప్ కూడా లాక్ లేకపోతే తెరుచుకోదు. అందుకని లాక్ ఉంచేసి, సెట్టింగ్స్‌లో 'ఎక్స్‌టెండ్ అన్‌లాక్' వెతికి (పాత ఫోన్లలో దీని పేరు స్మార్ట్ లాక్), ట్రస్టెడ్ ప్లేసెస్‌లో మా ఇల్లు పెట్టాను. ఒకసారి తెరిచాక ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్ మాటిమాటికీ పిన్ అడగట్లేదు, నాలుగు గంటలు ముట్టుకోకపోతే మాత్రం అడుగుతుంది. మధ్యాహ్నం పడుకుని లేచాక ఒక్కసారి కొట్టుకుంటోంది.