బురదలో బిగుసుకున్న పలక: నా అనుభవం

ఇంగ్లండ్‌లో థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట, లీ-ఆన్-సీ తీరంలో నా చిన్న తెరచాప పడవ ఉంటుంది. పౌర్ణమికి, అమావాస్యకి అక్కడ నీళ్లు 5 మీటర్ల దాకా లేచి దిగుతాయి. పాటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గాయంటే పడవ బురద మీద కూర్చోవాల్సిందే.

మొదటి ఏడాదే దెబ్బ తగిలింది. ఈ పడవకు అడుగున ఉన్న గాడిలోంచి ఒక ఇనుప పలక కిందికి దిగాలి. దిగకపోతే గాలికి పడవ పక్కకి కొట్టుకుపోతుంది. ఆ రోజు పోటు వచ్చింది, పడవ తేలింది, పలకను పైకి పట్టి ఉంచే తాడు వదిలాను. పలక కదిలితే ఒట్టు! తర్వాతి పాటులో ఇద్దరి సాయంతో పడవను ఒరగదీసి చూస్తే, గాడి నిండా బురద, మధ్యలో కాకిల్ అనే చిన్న గుల్లల చిప్పలు. ఆ ఊరు వాటికి పెట్టింది పేరు. తినడానికి బావుంటాయి కానీ, ఇక్కడ ఒక్కోటీ మేకులా దిగబడింది.

పలక కింది కొసకు చిన్న చిల్లు వేసి సన్నటి నైలాన్ తాడు కట్టాను. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి పడవ తేలగానే చెయ్యి పెట్టి ఆ తాడు గుంజితే పలక జారి వచ్చేస్తుంది. గాడి అంచులకు రెండు రబ్బరు పట్టీలు కూడా బిగించాను. బురద పూర్తిగా ఆగదు, చిప్పలు మాత్రం చాలావరకు ఆగాయి.

ఇంకో టెన్షన్ లంగరు. పైకి లేచి ఉన్న దాని కొన మీద పడవ కూర్చుంటే అడుగు చిల్లే. అందుకని పాటులో గొయ్యి తీసి లంగరు పాతేశాను, గొలుసు మాత్రమే బయటికి ఉంది.