తక్కువ సంఖ్యలో ముద్రించిన కొత్త నాణేలు: కొనాలా, గ్రేడింగ్‌కు పంపాలా అన్నది ఎలా తేల్చుకోవాలి?

టంకశాల నుంచి నేరుగా తెప్పించుకున్న స్మారక నాణెం చేతికి రాగానే చాలామందికి రెండు సందేహాలు కలుగుతాయి. దీన్ని తక్కువ సంఖ్యలోనే ముద్రించారు కదా, ముందుముందు ధర పెరుగుతుందా అన్నది ఒకటి. విదేశీ గ్రేడింగ్ సంస్థకు పంపి, నాణెం స్థితిని బట్టి అంకె వేయించి, ప్లాస్టిక్ పెట్టెలో బిగింపజేస్తే ఇంకా ఎక్కువ పలుకుతుందా అన్నది రెండోది. నాణేలు సేకరించేవారు ఆ పెట్టెనే స్లాబ్ అంటారు. ఈ రెండు సందేహాలకూ ఒకే జవాబు ఉండదు కాబట్టి వాటిని విడివిడిగా, కింద చెప్పిన వరుసలో తేల్చుకోవడం మంచిది.

1. మీ దగ్గర ఉన్నది ఏ రకం నాణెమో గుర్తించండి

కొత్త నాణేల్లో చెలామణి కోసం ముద్రించినవి, సేకర్తల కోసమే ముద్రించినవి అని రెండు తెగలున్నాయి. మన జేబులోకి వచ్చే అయిదు, పది రూపాయల స్మారక నాణేలు మొదటి తెగకు చెందినవి. ఎన్.టి. రామారావు శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన 100 రూపాయల నాణెం రెండో తెగది. దాని మీద విలువ ముద్రించి ఉన్నా, కిరాణా కొట్టులో ఇచ్చి సరుకులు కొనడానికి ఎవరూ దాన్ని తెప్పించుకోరు.

తరువాత తేదీ కింద ఉన్న గుర్తు చూడండి. మన దేశంలో నాలుగు టంకశాలలున్నాయి. అయిదు కోణాల నక్షత్రం హైదరాబాద్‌ది, వజ్రాకారపు గుర్తు ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే అది కోల్‌కతాలో ముద్రించినది. ఒకే సంవత్సరపు ఒకే నాణెం ఒక టంకశాలలో విస్తారంగానూ, మరొకదానిలో కొద్దిగానూ తయారై ఉండవచ్చు కాబట్టి, గుర్తు చూడకుండా అరుదైనదని నిర్ణయించుకోకూడదు.

2. సంఖ్య ఎంతో కాదు, ఆ సంఖ్య స్థిరమైనదా అని అడగండి

తక్కువ ముద్రణ అనే మాటకు బలం రావాలంటే, ఆ సంఖ్య ఇక పెరగదన్న భరోసా ఉండాలి. మన టంకశాలలు చాలా స్మారక నాణేలను ముందుగా బుకింగులు తీసుకుని, గిరాకీని బట్టి ముద్రిస్తాయి. గిరాకీ ఉంటే మళ్ళీ బుకింగులు తెరిచే వీలు వాటికి ఉంటుంది. విడుదలైన వారంలోనే అమ్మకందారు చెప్పే అంకెను ఈ కారణం వల్ల తుది లెక్కగా తీసుకోలేము. సంఖ్యకు ముందే పరిమితి ప్రకటించిన నాణేనికీ, అడిగినవారందరికీ ముద్రించి ఇచ్చే నాణేనికీ చాలా తేడా ఉంది.

సంఖ్య స్థిరపడిన తరువాత గిరాకీ ఎలా పుడుతుందో చూపడానికి బ్రిటన్‌లో క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానం పేరిట వచ్చిన 50 పెన్స్ నాణెం మంచి ఉదాహరణ. 2009లో చెలామణి కోసం 2,10,000 నాణేలు మాత్రమే విడుదలయ్యాయి. ఆ సంఖ్య జనానికి తెలిసిన తరువాత చిల్లరలో వెతుక్కునేవారు ఎంతోమంది తయారయ్యారు, ధర ముఖవిలువకు ఎన్నో రెట్లు పెరిగింది. 2019లో అదే బొమ్మతో సేకర్తల కోసం మళ్ళీ ముద్రించినా, దాని మీద 2019 అని ఉంటుంది కాబట్టి 2009 నాణెం విలువ నిలబడింది. ఇక్కడ ధర పెంచింది ప్రధానంగా కొరత కాదు. చిల్లర తీసుకునే ప్రతివాడూ వెతకగలిగిన నాణెం కావడం పెంచింది.

దీనికి విరుద్ధంగా, 2012లో వచ్చిన మాతా వైష్ణోదేవి నాణేలు లక్షలు పలుకుతాయన్న ప్రచారం ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. అవి మామూలు చెలామణి కోసం వచ్చినవే. పాత నాణేలు, నోట్ల కొనుగోలు పేరిట తన పేరునూ చిహ్నాన్నీ వాడుకుని డబ్బు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. మీ నాణేన్ని కొంటామంటూ ముందుగా మీ నుంచే రుసుము అడిగేవారు ఎవరైనా ఉంటే, ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి.

3. కొనేవాడు ఎవరో ఊహించండి

అసలు కీలకం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఎన్టీఆర్ నాణెం 44 మిల్లీమీటర్ల వ్యాసంతో, 35 గ్రాముల బరువుతో ఉంటుంది. అందులో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలినది నికెల్, జింకు. అంటే నికరంగా ఉన్న వెండి 17.5 గ్రాములు. ఆనాటి వెండి ధరతో దీన్ని గుణిస్తే ఆ నాణేనికి లోహపరంగా ఉన్న అడుగు విలువ తెలుస్తుంది. మీరు చెల్లించిన ధరకూ ఈ అడుగు విలువకూ మధ్య ఉన్న తేడా అంతా అభిమానం మీద నిలిచినదే.

అభిమానం తక్కువదని నేను అనడం లేదు. అయితే ఆ నాణేన్ని కొన్నవారిలో ఎక్కువమంది నాణేల సేకర్తలు కారు, ఆ మనిషిని ప్రేమించినవారు. వాళ్ళు దాన్ని అమ్మరు, రెండోది కొనరు, గ్రేడింగ్ అంకెను పట్టించుకోరు. వాళ్ళకు కావలసింది టంకశాల ఇచ్చిన ఫోల్డరు, చెక్కపెట్టె, వాటితో వచ్చిన కాగితం. అటువంటి నాణేన్ని పెట్టెలోంచి తీసి స్లాబ్‌లో బిగిస్తే దాని సహజమైన కొనుగోలుదారుకు అది తగ్గినట్టే కనబడుతుంది. ఎంత సంఖ్యలో ముద్రించారు అన్న ప్రశ్న కంటే, ఇరవై ఏళ్ళ తరువాత దీన్ని ఎవరు వెతుక్కుంటారు అన్న ప్రశ్న ఎప్పుడూ పెద్దది.

4. గ్రేడింగ్ అంకె అర్థం తెలుసుకోండి

ఇప్పుడు వాడుతున్న 1 నుంచి 70 వరకు ఉన్న కొలమానాన్ని విలియం షెల్డన్ అనే నాణేల నిపుణుడు 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం రూపొందించాడు. ఒకటో స్థాయి నాణెం ధరకు డెబ్భయ్యో స్థాయి నాణెం డెబ్భై రెట్లు పలకాలన్నది అతని మొదటి లెక్క. ఆ లెక్క మార్కెట్‌లో ఎప్పుడో చెల్లకుండా పోయింది గానీ అంకెలు మిగిలాయి. పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే రెండు అమెరికన్ సంస్థలు 1980ల రెండో భాగం నుంచి ఈ అంకెలతోనే నాణేలను ధ్రువీకరిస్తున్నాయి. 70 అంటే అయిదు రెట్లు పెంచి చూసినా తయారీ తరువాత ఏర్పడిన లోపం ఏదీ కనిపించకపోవడం.

కొత్త నాణేలతో ఉన్న ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. వందేళ్ళ కిందటి నాణెం 65 రావడమే గొప్ప. నిన్న మొన్న టంకశాలలో జాగ్రత్తగా తయారైన నాణేనికి 69 రావడం మామూలు విషయం, 70 కూడా అంత అరుదేమీ కాదు. అందువల్ల 69 వచ్చిన కొత్త నాణెం చాలా సందర్భాలలో స్లాబ్ లేని నాణెం ధరకు దగ్గరగానే అమ్ముడవుతుంది.

అమెరికా వారి వెస్ట్ పాయింట్ టంకశాలలో 1995లో తయారైన సిల్వర్ ఈగిల్ అనే వెండి నాణెం ప్రూఫ్ (సేకర్తల కోసం అద్దంలా మెరిసేట్టు ముద్రించే రకం) కథ సేకర్త ఎవరైనా ఒకసారి చదువుకోదగినది. ముద్రించినది 30,125 మాత్రమే. ఈగిల్ నాణేల పదో వార్షికోత్సవపు బంగారు నాణేల సెట్టుతో కలిపి తప్ప విడిగా అమ్మకపోవడంతో, వెండి నాణెం కోసం బంగారం కొనాలా అని చాలామంది వదిలేశారు. 70 వచ్చిన ఒక నాణెం 2013లో 86 వేల డాలర్లకు పైగా పలికింది. అంత ధర చూసి జనం తమ దగ్గరున్నవి తీసి గ్రేడింగ్‌కు పంపడం మొదలుపెట్టారు. 70 వచ్చిన నాణేలు పెరిగాయి, ధర బాగా దిగిపోయింది. ముద్రించిన మొత్తం సంఖ్య మారలేదు, 70 అంకె ఉన్నవాటి సంఖ్య మారింది. కాబట్టి పంపే ముందు ఆ సంస్థలు తమ వెబ్‌సైట్లలో ప్రకటించే లెక్క, అంటే ఏ నాణేనికి ఏ అంకె ఎన్నిసార్లు ఇచ్చారన్నది, తప్పనిసరిగా చూడండి.

5. లెక్క వేయండి

కింది అంకెలు నేను ఉదాహరణ కోసం ఊహించినవి. నాణెం 4,000 రూపాయలకు కొన్నారనుకుందాం. గ్రేడింగ్ రుసుము, మధ్యవర్తి ఖర్చు, రానుపోను రవాణా, బీమా కలిపి నాణేనికి మరో 4,000 అయిందనుకుందాం. 70 వస్తే 12,000కు, 69 వస్తే 5,000కు అమ్మవచ్చనుకుందాం. పది నాణేలు పంపితే పెట్టుబడి 80,000. వాటిలో రెండింటికి 70, ఎనిమిదింటికి 69 వస్తే చేతికొచ్చేది 64,000, అంటే 16,000 నష్టం. అయిదింటికి 70 వస్తేనే 85,000 వచ్చి కొద్దిగా లాభం మిగులుతుంది, వేలంపాట కమీషన్ పోతే అదీ మిగలకపోవచ్చు. ఈ అంకెల స్థానంలో మీ నాణేనికి వర్తించే నిజమైన ధరలు పెట్టి చూసుకోండి. అవి అమ్మకానికి పెట్టిన ధరలు కాకుండా, ఇప్పటికే అమ్ముడైన ధరలు కావాలి. అడిగే ధర ఎంతైనా ఉండవచ్చు, దానికి అడ్డుచెప్పేవారు లేరు.

6. పంపాలనే నిర్ణయిస్తే నాణేన్ని ముందు మీరే పరీక్షించండి

మంచి వెలుతురులో, అయిదు నుంచి పది రెట్ల భూతద్దంతో బొమ్మ, బొరుసు, అంచు మూడూ చూడండి. ప్రూఫ్ నాణేనికి అద్దంలా మెరిసే తలం మీద వెంట్రుకంత గీత ఉన్నా 70 రాదు. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోండి, దాని మీదకు వంగి మాట్లాడకండి. తుంపర పడిన చోట తరువాత మచ్చలు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, చింతపండుతోనో విభూతితోనో పూజ సామగ్రిలా తోమకండి. తోమిన నాణేనికి అంకె ఇవ్వరు, శుభ్రం చేసినదని రాసి పంపుతారు, ఆ మాట ఉన్న స్లాబ్‌ను సేకర్తలు తక్కువ ధరకే అడుగుతారు.

విదేశానికి పంపడం సాధారణంగా మధ్యవర్తి వ్యాపారుల ద్వారా జరుగుతుంది. ఖర్చులన్నీ, దారిలో పోతే బాధ్యత ఎవరిదన్నదీ ముందే రాతలో తీసుకోండి. వందేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి కాబట్టి కొత్తవాటితో కలిపి వాటిని ఎట్టి పరిస్థితిలోనూ పంపకండి.

7. పంపకూడదని నిర్ణయిస్తే

నా అంచనాలో కొత్త స్మారక నాణేల్లో ఎక్కువ భాగానికి సరైన నిర్ణయం ఇదే. టంకశాల ఇచ్చిన ఫోల్డరులోనే ఉంచండి. విడి నాణేలకు పీవీసీ లేని కవర్లు గానీ గాలి చొరని గుండ్రటి డబ్బాలు గానీ వాడండి. పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి ఉంచిన నాణేలకు పచ్చటి జిగురు పడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో తేమకు వెండి త్వరగా నల్లబడుతుంది కాబట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తేమ పీల్చుకున్నాక మారుస్తూ ఉండండి. కొన్న రసీదు, బుకింగ్ కాగితం, తేదీ, ధర ఒక నోటుపుస్తకంలో రాసి నాణెంతో పాటే భద్రపరచండి. ఒకవేళ ఇరవై ఏళ్ళ తరువాత మీ పిల్లలు అమ్మాలనుకుంటే వ్యాపారి మొదట అడిగేది ఆ కాగితాలనే.